తొమ్మిది గ్రీన్లూ చెరువు వైపే

మనిషి పోయి పదకొండు రోజులైతే నాకు చెప్పిన పాపాన పోయినవాడు లేడు. కదిరి బస్టాండులో టీ తాగుతుంటే, ఆయన ఊరి బస్సు కండక్టరు సంచి సర్దుకుంటూ, "నీరుగంటాయన పోయినాడు కదన్నా, నీకు తెలీదా? నిన్ననే దినాలు గూడా అయిపోయె" అన్నాడు. అదేదో బస్సు అరగంట లేటు అన్నట్టు చెప్పాడు మహానుభావుడు.

నాకు ముందు కోపమే వచ్చింది. ముప్పై ఏళ్ళు విలేకరిగా వెలగబెట్టి, ఎవరి దొడ్లో ఆవు ఈనినా వార్త రాసినవాణ్ణి. ఈ ఒక్క కబురు నాదాకా రాలేదు. టీ సగంలో వదిలేసి ఆ బస్సే ఎక్కాను. ఏడుపు తర్వాత వచ్చింది, కిటికీ పక్కన కూర్చున్నాక.

ఆయన పేరు రాయను. "నా పేరు పేపర్లో యేసినావంటే కాళ్ళిరగ్గొడ్తా సామీ" అని ఒకటికి పదిసార్లు చెప్పి ఉన్నాడు. బతికున్నప్పుడు భయంకొద్దీ రాయలేదు. ఇప్పుడు మర్యాదకొద్దీ రాయడం లేదు. ఊరంతా నీరుగంటాయన అనేది, నాకూ అదే చాలు.

నీరుగంటి అంటే మా సీమలో వాననీళ్ళు చెరువులోకి మళ్ళించి, ఆ నీళ్ళు పొలాలకు పంచేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు వదలాలి, చివరి మడి ఎండకుండా ఎట్లా చూడాలి, అన్నీ వాడి చేతిలో ఉండేవి. వీళ్ళ ఇంట్లో తాతల నుంచీ అదే పని. ఈయన వయసుకొచ్చేసరికి చెరువు మూడేళ్ళకోసారి కూడా నిండటం మానేసింది. పంచడానికి నీళ్ళే లేనప్పుడు నీరుగంటి ఏం చేస్తాడు? అందరిలాగే బెంగళూరు బస్సెక్కాడు. అక్కడ ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పని దొరికింది. పదిహేనేళ్ళు చేశాడు. సోమవారం సభ్యులు రారు, పనివాళ్ళు ఆడుకోవచ్చు. ఎవరో పారేసిన కర్రకు గుడ్డపేలికలు చుట్టుకుని ఆ సోమవారాల్లోనే ఆట నేర్చాడు. పంచెకట్టు, తలకు తుండుగుడ్డ, ఉత్త కాళ్ళు. ఆ అవతారంతో ఆయన కొట్టిన బంతి ఎక్కడ పడాలో అక్కడే పడేది.

తొంభైల చివర్లో వాళ్ళ ఊరి పెద్దింటి మనిషి ఒకాయన, కాస్త రాజకీయం, ఎక్కువ వ్యాపారం, చెరువు పక్కనున్న తన బీడు భూమిలో నాలుగు కుటీరాలు కట్టించి, బెంగళూరు డబ్బున్నవాళ్ళను రప్పించాలని గోల్ఫ్ కోర్సు తలపెట్టాడు. ఓనరని పిలిచేవాళ్ళు ఆయన్ని. ఎవరో సలహాదారు వచ్చి ఎర్రమన్ను తోలించాలి, గడ్డి చాపలు తెప్పించాలి అని పెద్ద జాబితా రాసిచ్చాడట. బెంగళూరు నుంచి పిలిపించిన నీరుగంటాయన ఆ జాబితా ఎవరిచేతనో చదివించుకుని విన్నాడు.

"గడ్డి కొనాల్నా? ఏమన్నా, నీకేమన్నా మతి పోయిందా? మనోళ్ళు సేన్లల్లో పీకి పీకి నడుములు పడిపోతాండాయి, ఆ గరికే గదన్నా బెంగుళూర్లో దుడ్లు పోసి పెంచేది!" అన్నాడు.

నిజమే. వేరుశనగ చేనులో పుట్టిందంటే రైతు గుండె గుభేలుమనే గరిక, పీకితే పీకినంత మొలిచే గరిక, గోల్ఫ్‌కు రాజుగారి తివాచీ. ఊరి ఆడవాళ్ళు కలుపు తీసి గట్టున పారేసిన గరికను గంపలకెత్తించి తెచ్చి నాటించాడు. వాళ్ళు నవ్వారు. "నిన్నటిదాకా పీకినందుకు కూలీ, ఈ పొద్దు నాటినందుకు కూలీ, బాగుండాదే మీ ఆట!" అని సుబ్బక్క అన్న మాట ఊళ్ళో సామెతైంది. సుబ్బక్క ఆ కూలీల మేస్త్రమ్మ. నోరు పెద్దది, మనసూ పెద్దదే.

ఇదంతా తెలియక నేనొక వార్త రాశాను. 'తాగను నీళ్ళు లేవు, ఆడను పచ్చిక కావాలట!' అని శీర్షిక. పేపర్లో బాగా వేశారు, ఆఫీసులో భుజం తట్టారు. నేను గాల్లో తేలుతున్నాను. వారం తర్వాత ఆ ఊరికి వేరే పనిమీద వెళితే, తుండుగుడ్డ మనిషి ఒకాయన దారికి అడ్డమొచ్చాడు.

"పేపరాయన నువ్వేనా?"

"అవును."

"నడిసినావా?"

"ఏమిటి నడవడం?"

"ఆ నేల మింద నడిసినావా అంటాండా. నడవకుండానే రాస్తివా? అంత సదువు సదివి, కండ్లతో సూడకుండా ఎట్ల రాస్తివి సామీ?"

మే నెల. మిట్టమధ్యాహ్నం. చెప్పులు విప్పించి తొమ్మిది హోళ్ళూ, అంటే బంతి కొట్టే చోటి నుంచి గుంతదాకా ఒక్కో బారు, నడిపించాడు. నా పాదాలు పెనం మీద అట్టుల్లా కాలాయి. మధ్యమధ్య నేను గెంతుతుంటే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చివర్లో చేతికో కర్ర ఇచ్చి బంతి కొట్టమన్నాడు. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ గాలికే తగిలింది. నాలుగోసారి బంతి కదిలింది, పక్కకు రెండడుగులు.

"పర్వాలేదు పో" అన్నాడు.

తర్వాత తెలిసింది, ఆయన నోట్లోంచి వచ్చే అతిపెద్ద మెచ్చుకోలు అదేనని. అంతకుమించి ఎవరికీ ఇవ్వలేదు, బెంగళూరు నుంచి కప్పులు గెలిచి వచ్చినవాళ్ళకు కూడా.

ఆ రోజు నుంచి నాకు ఆదివారాలు అక్కడే. ఇంట్లో తిట్లు తిన్నాను. సిగ్గు లేకుండా వెళ్ళాను. కోర్సు ఎట్లా ఉండేదో చెప్పాలి, ఇప్పుడక్కడ ప్లాట్ల హద్దురాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మీద, చెట్లు లేకుండా, గాలికి ఎదురొడ్డి ఆడే పాతకాలపు పద్ధతి ఒకటుందట. లింక్స్ అంటారు. మాకు సముద్రం ఎక్కడిది? చెరువే సముద్రం. చెట్లు మాకు ఎటూ లేవు, గాలికి మాత్రం కొదవలేదు. ఒకటో హోలు మిట్టమీద మొదలై చెరువుకేసి దిగుతుంది. కొట్టబోతూ తలెత్తితే నీళ్ళూ, అవతల నల్లటి గుండ్ల కొండలూ, నీళ్ళలో ఒంటికాలి కొంగలూ కనిపించి బంతి సంగతి మరిచిపోతాం. నాలుగోది కట్ట పొడుగునా సాగుతుంది. ఎడమకు పోతే నీళ్ళు, కుడికి పోతే తుమ్మకంప. అంత అందమైన హోలు నేను టీవీలో కూడా చూడలేదు. ఆరోది నాకు నచ్చలేదు. రెండు గుండ్ల మధ్య సందులోంచి కొట్టాలి, తెలిసినవాడికి కూడా అదృష్టమే దిక్కు. ఆ మాట ఆయనతో అంటే, "గుండ్లు నేను పెట్టినానా?" అన్నాడు. ఏడోది పొట్టిది. ఆషాఢం గాలిలో మాత్రం అదే రాక్షసి. బంతి ఎంత ఎత్తుకు లేస్తే అంత దూరం కొట్టుకుపోయేది. "గాలితో కొట్లాడాకు. వంగి నమస్కారం జేసి పో" అని బంతిని నేలబారుగా, గొర్రెపిల్లను తోలినట్టు తోలేవాడు.

ఇక గ్రీన్లు, తొమ్మిదీ ఆయన పార పట్టి మలిచినవే. హోలు చివర గుంత ఉండే నున్నటి గరిక జాగాను గ్రీన్ అంటారు. అక్కడ బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేయాలి. నేల ఎటు వాలిందో కంటికి ఆనదు, అదే అసలు పరీక్ష. మొదట్లో నేను చీమంత వాలు కూడా పోల్చలేకపోయాను. ఒక ఆదివారం ఆయన చెంబుతో నీళ్ళు తెచ్చి గ్రీన్ మీద నా బంతి దగ్గర సన్నగా వంచాడు. నీళ్ళు గరిక మొదళ్ళలోంచి పాములా వంకర తిరిగి గుంతకు జానెడు పైనుంచి పోయాయి.

"నీళ్ళు ఎట్ల పోతాయో బంతీ అట్లనే పోతాది. ఇంతకుమించి ఈ ఆటలో ఏం ల్యా" అన్నాడు.

ఆయన నేలను అట్లాగే చూసేవాడు. మనం రంగు చూస్తాం, ఎత్తుపల్లాలు చూస్తాం. ఆయన కంటికి మాత్రం ఎప్పుడూ నీళ్ళు పారుతూ కనిపించేవనుకుంటాను, నీళ్ళు లేని ఆ నేలలో కూడా.

మొండి మనిషి. ఆ మాట దాచి రాస్తే ఆయనే ఒప్పుకోడు. ఒకసారి జిల్లాలో పెద్ద లీడరు ఒకాయన పదిమంది అనుచరులతో గ్రీన్ మీదికి బూట్లతో ఎక్కితే, "ఏమప్పా, మీ ఇంట్లో మంచం మింద గూడా బూట్లేసుకోనే పండుకుంటావా?" అని అందరిముందు అడిగేశాడు. ఓనరు మొహం చూడాలి! కొడుకుతో పడదు, కోడలితో పడదు. ఇంట్లో వేగలేమని వాళ్ళే చెప్పేవాళ్ళు. పనివాళ్ళను మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆడవాళ్ళు అన్నానికి కూర్చుంటే ఆయన దూరంగా పోయి నిలబడేవాడు, వాళ్ళు మొహమాటం లేకుండా తింటారని.

రెండువేలు దాటాక వరసగా కరువు. వేరుశనగ విత్తితే విత్తనం కూడా తిరిగి రాలేదు. చెరువు నడిమధ్యకు కుంచించుకుపోయింది. కొంగలు ఎటో వెళ్ళిపోయాయి. ఊళ్ళో సగం తాళాలు. మిగిలినవాళ్ళకు పని అన్నది ఉంటే ఈ గోల్ఫ్ కోర్సులోనే, సుబ్బక్కతో కలిపి ముప్పైమంది ఆడవాళ్ళకు. కుటీరాల్లో స్నానాలు చేసిన నీళ్ళూ, అంట్లు తోమిన నీళ్ళూ తొట్టిలో పట్టి, బిందెలతో మోసి తొమ్మిది గ్రీన్లనూ బతికించారు. మిగతా నేలంతా గోధుమరంగుకు తిరిగింది.

ఓనరుకు నష్టం. బెంగళూరులో గోల్ఫ్ క్లబ్బుల పెద్దలు కొందరు ఒక మనిషిని పంపి కోర్సు ఆడించి చూస్తామన్నారు. ఆయన బాగుందని రాసిస్తే వాళ్ళ సభ్యులు వారం వారం వస్తారు. రాసివ్వకపోతే ఉగాదికి మూసేస్తానని ఓనరు అందరినీ పిలిచి చెప్పేశాడు. మూసేస్తే ఈ ముప్పైమందీ మూట సర్దుకుని బెంగళూరులో ఇటుకలు మోయాల్సిందే.

మాఘంలో వచ్చాడు ఆ పరీక్షకాయన. తెల్లటోపీ, అరవై దాటిన వయసు, తెలుగు కన్నడ కలిపి మాట్లాడే మంచి మనిషి. నీరుగంటాయన ఆయన కర్రల సంచి మోశాడు. నేను కాగితం, కలం పట్టుకుని వెనక నడిచాను. సుబ్బక్కా వాళ్ళూ దూరంగా గంపలు బోర్లించుకుని కూర్చుని, బంతి లేచినప్పుడల్లా మాట్లాడటం మానేసేవాళ్ళు.

ఎండిన నేల చూసి విసుక్కుంటాడేమోనని నా భయం. ఆయన ఒకటో హోలులో బంతి కొట్టి, అది గట్టినేల మీద పడి ఎగిరి ఎగిరి పోవడం చూసి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "ఇదే కదప్పా లింక్స్ అంటే! దీనికోసం నేను విమానమెక్కి ఎక్కడెక్కడికో పోయినాను" అన్నాడు. నాలుగో హోలు దగ్గర కట్టమీద నిలబడి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు. ఆరోది నాలాగే ఆయనకూ నచ్చలేదు, లోపల సంతోషించాను. మూడో గ్రీన్ నుంచి మాత్రం ఆయన బంతి దొర్లించే ముందు వంగి చూడటం మానేశాడు. ఒకసారి చెరువు వైపు చూడటం, కొట్టడం. అన్నీ గుంతలోకే.

తొమ్మిదోది అయ్యాక రాతిమీద కూర్చుని నీళ్ళు తాగి, "అన్నీ బాగున్నాయి. ఒక్కటే తప్పు. పెద్ద తప్పు" అన్నాడు.

ఓనరు మొహం వాడిపోయింది.

"మీ తొమ్మిది గ్రీన్లూ చెరువు వైపే వాలినాయి. ఒక్కటీ ఇంకో పక్కకు లేదు. మూడోదానికే కనిపెట్టేసినా. ఆ తర్వాత పరీక్ష ఎక్కడుంది? చెరువు ఎక్కడుందో చూసి కొట్టేదే. ఏ ఇంజనీరు గీసినాడప్పా దీన్ని?"

అందరం నీరుగంటాయన వైపు చూశాం. ఆయన తొమ్మిదో గ్రీన్ చూశాడు, ఎనిమిదోదాని వైపు చూశాడు, అట్లా వెనక్కి ఒక్కొక్కటీ. తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"నాకే తెలీదు సార్" అన్నాడు. "పార పట్టుకుంటే చెయ్యి అట్లనే పోతాది."

తాతల నుంచీ చెరువులోకి నీళ్ళు మళ్ళించిన చేతులు. పార ఆ వైపుకే లాగింది. ఐదేళ్ళు నడిచాను, ఆడాను, ఆ నీళ్ళ చెంబు ఎన్నిసార్లు చూశాను! నాకూ తట్టలేదు. నేనూ ఆ సీమవాణ్ణే కదా, నీళ్ళు చెరువులోకి పోవడం నాకు మాత్రం వింతగా ఎందుకుంటుంది?

రెండు, ఐదు, ఎనిమిది. ఈ మూడు గ్రీన్లనైనా అవతలి పక్కకు వాలేట్టు మార్చాలి, ఫాల్గుణంలో మళ్ళీ వస్తాను, మార్చి ఉంటే రాసిస్తాను అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. ఓనరు అప్పుడే "రేపట్నుంచే మొదలుపెట్టండి" అన్నాడు.

"నేను సెయ్యను" అన్నాడు నీరుగంటాయన.

"ఏమి?"

"ఆ మూడూ అటు వాలిస్తే, ఆడ పడిన వాననీళ్ళు మిట్ట ఎనక వంకలోకి పోతాయన్నా. వంక ఊరు దాటి పోతాది. మా ఇంట్లో సెరువుకు ఎదురు పార పట్టినోడు ల్యా."

ఓనరు తిట్టాల్సినవన్నీ తిట్టాడు. నేనూ నా వంతు వాదించాను. "అన్నా, మూడు గ్రీన్ల మీద ఎంత నీళ్ళు? నాలుగు బిందెలు. అదీ వానొస్తే! వానే రాని చోట ఎక్కడి లెక్క ఇది?"

"బిందెల లెక్క నీది సామీ. నాకు ఒక సుక్కైనా అదే" అన్నాడు. అంటూ నా కళ్ళలోకి చూడలేదు. ఆయనకూ భయంగానే ఉందని అప్పుడు తెలిసింది.

మూడు రోజులు పార ముట్టలేదు. వేరే ఎవర్నైనా పెట్టి తవ్విస్తానని ఓనరు అంటే, ఊళ్ళో ఒక్కడూ ముందుకు రాలేదు. ఆయన పెంచిన గ్రీన్ మీద పార వేసే ధైర్యం ఎవరికుంది? నాలుగో రోజు పొద్దున సుబ్బక్కే వచ్చింది. ఆయన తూము మెట్లమీద కూర్చుని ఉన్నాడు, పక్కన నేను. ఆమె నిలబడే మాట్లాడింది.

"మామా, మీ ఇంటి మాట గొప్పదే. కాదనల్యా. చివరి మడి మాదే, మీ నాయన ఉన్నన్ని దినాలు ఒక్కేడు గూడా ఎండల్యా, మాయమ్మ సెప్పేది. అట్లాంటి మనిషి ఈ పొద్దు బతికుంటే ఏమంటాడో నువ్వే సెప్పు. సెరువుకు నాలుగు బిందెలు ముఖ్యమంటాడా, ముప్పైమంది బువ్వ ముఖ్యమంటాడా?"

ఆయన కూర్చున్న తూము మెట్టును అరచేత్తో నిమిరాడు. తర్వాత లేచి, "ఎవురూ పార ముట్టుకోవాకండి. నేనొగన్నే సేస్తా. ఈ పాపం మీకొద్దు" అన్నాడు.

ఒక్కడే చేశాడు. గరికను చాపల్లా కోసి, చుట్టి, తడిగోనెలు కప్పి పక్కన పెట్టి, కింది మన్ను అటు నుంచి ఇటు లాగి, మళ్ళీ చాపలు పరిచి కాళ్ళతో తొక్కాడు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చిచ్చి దూరం జరిగేవాళ్ళు. పార పట్టిన తీరు చూస్తే తెలిసిపోయేది. ఒక్కో పెట్టూ ఎదురీత. అరచేతులు బొబ్బలెక్కాయి, జీవితమంతా పార పట్టిన చేతులు!

ఫాల్గుణంలో పరీక్షకాయన వచ్చాడు. రెండో గ్రీన్ దగ్గర అలవాటుగా చెరువు వైపు చూసి కొట్టాడు. బంతి అవతలికి తిరిగి గుంతకు మూరెడు దూరంలో ఆగింది. "అమ్మమ్మ!" అని టోపీ తీసి నవ్వాడు. ఐదోదానిలోనూ తప్పాడు, ఎనిమిదోదానిలోనూ తప్పాడు. తప్పినకొద్దీ ఆయన సంతోషం పెరిగింది. అక్కడే కూర్చుని సంతకం పెట్టాడు. ఓనరు లడ్లు తెప్పించాడు. సుబ్బక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ముప్పైమందీ ఒక్కసారే మాట్లాడారు. ఆ సంతకం మీద ఆ కోర్సు ఇంకో ఐదేళ్ళు నడిచింది, ఆ ముప్పైమందిలో ఒక్కరు కూడా ఇటుకల పనికి పోలేదు.

లడ్డు ఇద్దామని వెతికితే నీరుగంటాయన లేడు. ఐదో గ్రీన్ వెనక గడ్డపారతో తవ్వుతున్నాడు.

"పాసైంది కదన్నా! ఇంకేం తవ్వడం?" అన్నాను.

"ఆ సారు పాసు జేసినాడు సామీ. మా నాయన ఇంగా జేయల్యా" అన్నాడు.

గ్రీన్ వెనక అంచు వెంబడి సన్న కాలువ. అటు జారిన నీళ్ళను పట్టుకుని, మిట్ట చుట్టూ తిప్పి, తిరిగి చెరువుకు తేవాలని. మూడు గ్రీన్లకు మూడు కాలువలు. ఐదోదాని వెనక రాతిపరుపు అడ్డం వచ్చింది. దాని చుట్టూ తిప్పడానికే నెలన్నర పట్టింది. పొద్దున పని ముగించుకుని, మధ్యాహ్నం అందరూ నీడకు పోతే ఆయన అక్కడికి పోయేవాడు. మనిషి చిక్కిపోయాడు. ఎండకనుకున్నాను, వయసనుకున్నాను. ఆషాఢం గాలి వచ్చింది, పోయింది. మబ్బు వచ్చి వచ్చి మళ్ళిపోయింది.

శ్రావణంలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఆఫీసుకు ఫోను. ఊరి అంగట్లోంచి. "సామీ, ఉరుముతాండాది. రా." అంతే, పెట్టేశాడు. నేను బస్సు దిగేసరికి వాన దంచుతోంది. ఆడవాళ్ళంతా గంపలు నెత్తిన బోర్లించుకుని నీళ్ళ ఇంజను ఉండే రేకుల కొట్టంలో నిలబడ్డారు. ఆయన మాత్రం ఐదో గ్రీన్ మీద ఉన్నాడు. నేనూ తడుస్తూ వెళ్ళాను.

గరిక మీద నీళ్ళు కొంచెం నిలిచి, చెరువుకు వీపు పెట్టి అవతలికి జారుతున్నాయి. ఆయన దాన్ని చూడలేక మొహం తిప్పుకున్నాడు. అంచుకు వచ్చిన నీళ్ళు కాలువలో పడ్డాయి. ఎర్రగా, నురగతో, మణికట్టంత లావున. ఆయన వాటి పక్కనే నడిచాడు, నేను వెనక. రాతిపరుపు దగ్గర ఆకులు అడ్డుపడితే కాలితో తీసేశాడు. మిట్ట తిరిగింది. కట్ట కింది వాలు దిగింది. బీటలు పడ్డ చెరువు అడుగులోకి వచ్చి పడింది. పడ్డది పడ్డట్టు నేల తాగేసింది. తడి మచ్చ తప్ప ఏమీ కనిపించలేదు. అయినా నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

ఆయన తలగుడ్డ తీసేసి వానలో అట్లాగే నిలబడ్డాడు. నేనే అన్నాను, ఆయన మాటే. "పర్వాలేదు పో అన్నా." నవ్వాడు. ఆయన నవ్వడం అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి.

కొట్టంలోకి తిరిగి వచ్చాం. ఒళ్ళంతా వణుకుతోంది ఆయనకు. గోడకు ఆనుకుని కూర్చుని, "సుబ్బక్కా, సద్ది ఉందా? ఉంటే ఇంత పెట్టు" అన్నాడు.

ఆమె కదలకుండా నిలబడిపోయింది. తర్వాత గబగబా మూట విప్పింది. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే పక్కనున్న ముసలామె నా చెవిలో చెప్పింది. "పార యేసిన దినం నుంచీ పొద్దున ఇంత సంగటి, అంతే సామీ. మళ్ళ మెతుకు ముట్టల్యా. నీళ్ళు సెరువుకు సేరేదాకా రెండో బువ్వ తిననని ఒట్టు పెట్టుకున్యాడు. కోడలు ఏడ్సి సెప్పినా ఇన్లేదు. ఆరు నెల్లాయె."

ప్రతి ఆదివారం ఆయన పక్కనే ఉన్నాను. నాకు తెలియలేదు.

సుబ్బక్క రాగిముద్ద విరిచి, మీద చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టి ఆయన చేతిలో ఉంచింది. వాన రేకుల మీద పడి చెవులు గింగురుమంటున్నాయి. ముప్పైమందీ ఆయన చేతి వైపే చూస్తున్నారు. ఎప్పుడూ వాళ్ళు తినేటప్పుడు దూరంగా పోయి నిలబడే మనిషి, అందరి మధ్య కూర్చుని, తల వంచుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది మింగి, ఇంకొంచెం పెట్టమని మళ్ళీ చెయ్యి చాపాడు.